ఎడమ గట్టు మీద కొవ్వొత్తి

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాల కోసం చదివేవాళ్లకు ఇందులో ఏమీ దొరకదు. నేను దయ్యాలను నమ్మినవాణ్ని కాను. దబీర్‌పురాలో మా గల్లీ చివర ఒక పాడుబడ్డ దేవిడీ, నవాబుల కాలపు బంగళా, ఉండేది. పొద్దుగూకితే దాని ముందు నుంచి నడవడానికి అందరూ జంకేవాళ్లు. నేను దాని అరుగు మీదే కూర్చుని పేపరు చదువుకునేవాణ్ని. గాలి సోకిందని తాయెత్తులు కట్టించుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. ఆ నవ్వు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇందులో ఎవరూ తెల్లచీర కట్టుకుని ఎదురుపడరు. ఆ రోజు ఎవరూ చచ్చిపోలేదు కూడా. ఒక మధ్యాహ్నం ఒక మాట వినిపించింది, అంతే. దాన్ని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. భయపడి కాదు, సిగ్గుపడి. మాట గురించి చెప్పాలంటే అంతకు ముందు నేను చేసిన పని చెప్పాలి. అది చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

డెబ్బైల నడిమి రోజులు. నాకు ఇరవై ఐదేళ్లు. ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరి మూడేళ్లయింది. మా నాన్న నాకు ఏడేళ్లప్పుడు పోయాడు. అమ్మ సర్కారు దవాఖానలో ఆయా. పడుకున్నచోటి నుంచి లేవలేని రోగుల దొడ్డి పాత్రలు ఎత్తిపోసి, వాళ్ల గుడ్డలు ఉతికి నన్ను చదివించింది. మా తాతలు చెప్పులు కుట్టినవాళ్లు. ఇంట్లో ఇంటరు పాసయిన మొదటివాణ్ని నేను. ఇదంతా గర్వంగా చెప్పుకోవలసిన సంగతి. నేను దాచుకున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు టిఫిన్ డబ్బా ఇంట్లో మరిచిపోయాను. అమ్మ రాత్రి డ్యూటీ దిగి, నిద్ర కూడా పోకుండా, ఆయాలు కట్టుకునే నీలం అంచు చీరతోనే ఫ్యాక్టరీ గేటు దాకా డబ్బా తెచ్చింది. మా సెక్షన్‌లో ఒకతను చూసి ఎవరని అడిగాడు. పక్కింటామె అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో చెప్తే మీరు నమ్మరు. మరి మీ అమ్మ వండదా అన్నాడు. అమ్మ లేదు, చిన్నప్పుడే పోయింది అన్నాను.

అది అక్కడితో ఆగితే బాగుండేది. సాయంత్రానికి మా సూపరింటెండెంటు గారి చెవిన పడింది. ఆయనది కృష్ణా జిల్లా, చాలా మంచివాడు. ఆయన భార్య శారదమ్మ గారు అంతకన్నా మంచివారు. పిల్లలు లేరు. తల్లి లేని కుర్రాడు ఉన్నాడట అని తెలిసినప్పటి నుంచి ఆమె పండగ పండగకూ నాకు డబ్బా కట్టి పంపేవారు. పూర్ణాలు, చక్రపొంగలి, చలికాలం స్వెటరు. నేను తీసుకున్నాను. ఇంట్లో అమ్మ వండింది తిని, ఆఫీసులో తల్లి లేనందుకు వచ్చింది తిన్నాను. స్వెటరు చూసి అమ్మ ఎక్కడిదని అడిగితే ఆఫీసులో అందరికీ ఇచ్చారన్నాను. మూడేళ్లలో నిజం చెప్పడానికి ఎన్ని అవకాశాలు వచ్చాయో లెక్కే లేదు. ఒక్కో స్వీటు ముక్కతో పాటు ఆ నిజం ఇంకొంచెం కిందికి పోయింది.

వానాకాలం చివర్లో మా సెక్షన్ వాళ్లందరం ఒక ఆదివారం ఒక ఊరు చూడటానికి వెళ్దామని అనుకున్నాం. హైదరాబాదుకు బస్సులో మూడు గంటల దూరంలో ఉన్న పాత కోట ఊరు అది. పేరు రాయను, అక్కడివాళ్లు ఎవరూ ఏ తప్పూ చేయలేదు. ఆ కోటలో ఒక విచిత్రమైన ప్రార్థనాలయం ఉందని మా కథోలిక కుటుంబాల్లో చాలామందికి తెలుసు. అమ్మకు దవాఖానలో ఒక రోగి దాని గురించి చెప్పిందట. చచ్చేలోపు ఒక్కసారి చూడాలని అప్పటికి రెండు మూడేళ్ల నుంచి అంటూ ఉంది.

బస్సు మాట్లాడారని, ఇంటివాళ్లను తెచ్చుకోవచ్చని నేనే పొరపాటున నోరు జారాను. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. మొఖం వెలిగిపోయింది.

"నన్ను గూడ తీస్కపోరాదు బిడ్డా. ఒక మూలకు కూసుంట. ఎవ్వలకు అడ్డం రాను."

ఆ "ఎవ్వలకు అడ్డం రాను" అన్న మాట నాకు ఇప్పటికీ వినపడుతుంది. తెచ్చుకోవచ్చన్నారు గానీ ఆడవాళ్లు ఎవరూ రావడం లేదు, స్టాఫ్ మట్టుకే అన్నాను. సరే అంది. రెండోసారి అడగలేదు.

ఆదివారం తెల్లవారక ముందే లేచి గంపెడు పులిహోర కలిపింది. పదిమందికి పెట్టు అంది. నా చొక్కా ఇస్త్రీ చేసింది. పోయేటప్పుడు ఒక కొవ్వొత్తి కాగితంలో చుట్టి ఇచ్చింది. నాన్న పేరు మీద అక్కడ వెలిగించమంది. సంచిలో పెట్టుకుని నాంపల్లిలో బస్సెక్కాను. బస్సులో సగం మంది ఆడవాళ్లే. ఇంకో గుమాస్తా అత్తగారు కూడా వచ్చింది. ఒక సీటు ఖాళీగానే ఉంది, దాని మీద అందరూ సంచులు పెట్టారు. దారిలో పులిహోర తిని శారదమ్మ గారు ఎవరు చేశారని అడిగారు. హోటల్లో కొన్నానని చెప్పాను.

ఇక ఆ ప్రార్థనాలయం సంగతి. నవాబుల కాలంలో అది తుపాకీ మందు దాచిన కొట్టు. గుండ్రటి కట్టడం, పైన గుమ్మటం. గోడలు రెండు బారల మందం. కిటికీలు లేవు. గుమ్మటం నడిమధ్య పళ్లెమంత చిల్లు ఉంది, అందులోంచి పడే వెలుగే వెలుగు. ఎప్పుడో కలరా వచ్చినప్పుడు ఊరి బయటికి తోసేసిన రోగులను ఒక పాదిరి అందులో పెట్టుకుని చూశాడట. చాలామంది అక్కడే పోయారట. తర్వాత దాన్ని ప్రార్థనకు వదిలేశారు. బల్లలు లేవు, బొమ్మలు లేవు. ఎదురుగా గోడలో చెక్కిన రాతి సిలువ, దానికి రెండు పక్కలా నడుమెత్తు రాతి గట్లు. గట్ల నిండా ఏళ్ల తరబడి కారిన మైనం గడ్డకట్టి ఉంది. వాకిలి ఎంత కిందికంటే ఎంతటివాడైనా వంగే లోపలికి పోవాలి. అన్ని మతాలవాళ్లూ వస్తారు.

దాన్ని చూసుకునే ముసలాయన పేరు ఇన్నయ్య. అక్కడి పద్ధతి ఆయనే చెప్పాడు. కుడి గట్టు బతికున్నవాళ్లది. ఎడమ గట్టు పోయినవాళ్లది. బతికున్నవాళ్ల కోసం వెలిగిస్తే పెదవి కదపకుండా మనసులో అనుకోవాలి. పోయినవాళ్లకైతే వెలిగించి, వాళ్ల పేరు పెట్టి మూడుసార్లు బయటికి వినపడేలా పిలవాలి. అమ్మా, నాన్నా అని పిలవకూడదు. ఆ చీకట్లో ఎంతమంది అమ్మలు, ఎంతమంది నాన్నలు. పేరుతో పిలిస్తేనే ఎవరికి వాళ్లకు తెలుస్తుందట.

కొందరు చూసి బయటికి పోయి చింతచెట్టు కింద ఫొటోలు దిగుతున్నారు. నాన్న కొవ్వొత్తి తీద్దామని సంచిలో చెయ్యి పెట్టాను. శారదమ్మ గారు పక్కకొచ్చి నిలబడ్డారు. ఆమె కళ్లు అప్పటికే తడిగా ఉన్నాయి.

"మీ అమ్మగారి కోసం తెచ్చుకున్నావు కదూ జోసెఫ్? వెలిగించు బాబూ. నేనూ పక్కనే ఉంటాను. ఆమె పేరేమిటి?"

మూడేళ్లలో ఆమె మా అమ్మ పేరు అడగడం అదే మొదటిసారి. ఏదో ఒక పేరు కల్పించి చెప్పొచ్చు. అబద్ధాల్లో నాకు అప్పటికి చెయ్యి తిరిగింది. కానీ సిలువ ఎదురుగా ఉంది, నోటికి ఇంకో పేరు రాలేదు. ఆరోగ్యమ్మ అన్నాను. ఆ రోజు వేరే పేరు చెప్పి ఉంటే ఏమయ్యేదో అని చాలాసార్లు అనుకున్నాను. బహుశా ఏమీ అయ్యేది కాదు. నేనింకా హాయిగా అబద్ధమాడుతూ ఉండేవాణ్ని.

నాన్న కోసం అమ్మ ఇచ్చిన కొవ్వొత్తిని అమ్మ కోసం ఎడమ గట్టు మీద వెలిగించాను. ఆమె వైపు చూడలేకపోయాను. శారదమ్మ గారు అది దుఃఖం అనుకుని నా వీపు నిమిరారు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత నేను అమ్మను పేరు పెట్టి పిలిచింది లేదు. మాలో ఎవరూ పిలవరు. బయటికి వినపడేలా పిలిచాను.

"ఆరోగ్యమ్మా."

గుమ్మటంలో ఆ పేరు ఒకసారి తిరిగి ఆగిపోయింది. రెండోసారి పిలిచాను. మళ్లీ అట్లాగే. మూడోసారి పిలిచి వాచీ చూసుకున్నాను, తొందరగా బయటపడాలని. ఒంటిగంటకు ఐదు నిమిషాలు తక్కువ.

అప్పుడు వినపడింది.

"ఆఁ... వస్తున్న బిడ్డా."

అది అమ్మ గొంతు. అమ్మలాంటి గొంతు అని రాయడం లేదు. పని చేసుకుంటూ, వంగి ఉన్న నడుమును ఎత్తుతూ, "ఆఁ" ని కొంచెం సాగదీసి పలికే ఆ పలుకు నాకు పాతికేళ్లుగా తెలుసు. అది వెనక వాకిలి నుంచి రాలేదు. ఎడమ వైపు నుంచి, కొవ్వొత్తి ఉన్న దిక్కు నుంచి వచ్చింది. గట్టిగా కాదు, పక్క గదిలో నుంచి మాట్లాడినట్టు.

ఇది నా ఒక్కడి భ్రమ కాదు. శారదమ్మ గారు కూడా విన్నారు. ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకున్నారు, తర్వాత నవ్వేశారు. బయట ఎవరో ఆరోగ్యమ్మ ఉన్నట్టుంది, నువ్వు పిలిస్తే పలికింది పాపం అన్నారు. చూద్దామని ముందు ఆమే వంగి బయటికి పోయారు. నేను కొవ్వొత్తి దగ్గరే ఉండిపోయాను.

ఇన్నయ్య మూల నుంచి వచ్చాడు. నా మొఖం వైపు చూడలేదు. ఎడమ గట్టు మీది నా కొవ్వొత్తిని రెండు చేతులతో పట్టుకుని, ఆరిపోకుండా మెల్లగా నడిచి, కుడి గట్టు మీద పెట్టాడు.

"నలభై ఏండ్ల సంది గీడనే ఉన్న బాపు. ఎన్ని వేలమంది పిలిచిండ్రో. ఒక్కలు పలుకలే. సచ్చినోళ్లు పలుకరు. బతికున్నామెను గిట్లెందుకు చేసినవ్?"

వంగి బయటికి వచ్చేశాను. చెట్టు కింద మావాళ్లు తప్ప ఎవరూ లేరు. ఆ ఊరి ఆడమనిషి ఒక్కతి కూడా లేదు. శారదమ్మ గారు అటూ ఇటూ చూసి, వెళ్లిపోయినట్టుంది అన్నారు. ఆ తర్వాత అందరూ భోజనాలకు కూర్చున్నారు. మా అమ్మ పులిహోర అందరూ లొట్టలేసుకుని తిన్నారు. నేను పెట్టించుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు మూడు గంటలూ ఒకటే ఆలోచన. అమ్మ పోయింది. నేనే చంపేశాను. బతికున్న మనిషికి చావు దీపం పెట్టి, పోయినవాళ్లను పిలిచినట్టు పిలిచాను, వస్తున్నానంది. వచ్చేసింది. దయ్యాలను నమ్మనివాణ్నని పైన రాశాను కదా, ఆ బస్సులో మాత్రం అన్నిటినీ నమ్మాను. తల్లీ, అమ్మ బతికుంటే చాలు, రేపే అందరికీ చెప్పేస్తాను అని మేరీమాతకు మొక్కుకున్నాను. టీ కోసం బస్సు ఆపితే డ్రైవరు మీద అరిచాను. మావాళ్లు వింతగా చూశారు. వీడికి ఇంట్లో పెళ్లాం కూడా లేదు, ఎవరి కోసం ఈ తొందర అని ఒకతను నవ్వాడు.

నాంపల్లిలో దిగి రిక్షా ఎక్కాను. దబీర్‌పురా దగ్గర రైలు గేటు పడి ఉంది. రిక్షా దిగి పట్టాలు దాటి పరుగెత్తాను. అప్పుడే ఇళ్లలో దీపాలు పెడుతున్నారు. గల్లీ మలుపు తిరగగానే మా ఇంటి ముందు జనం ఉన్నారేమోనని చూశాను. ఎవరూ లేరు.

అమ్మ గడప మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుకుంటోంది.

నేను అక్కడే మట్టిలో కూలబడ్డాను. ఏడుపొచ్చింది. సంతోషంతో వచ్చిన ఏడుపే. అమ్మ చాట పక్కన పెట్టి నా నుదురు ముట్టి చూసింది. జ్వరం లేదని తేల్చుకుని, అప్పుడు అడిగింది.

"పగటీలి ఏంది బిడ్డా, పేరు వెట్టి పిలిచినవ్?"

ఎవరు పిలిచారన్నాను.

"నువ్వే. గిన్నెలు తోముతున్న. ఆరోగ్యమ్మా అని వినవడ్డది. ఎవ్వలోలె అనుకోని పలుకలే. ఇంకోపాలి పిలిచినవ్. మూడోపాలి నీ గొంతే అని పట్టిన. వస్తున్న బిడ్డా అని బూడిద చేతులతోనే గల్లీలకు ఉరికొచ్చిన. చూస్తే ఎవ్వలు లేరు."

నేను ఊళ్లోనే లేను కదా అన్నాను. ఇంతలో మేం ఖాలా అని పిలిచే పక్కింటామె గోడ మీద నుంచి తల పెట్టింది. ఆమె ఐదు పూటలా నమాజు తప్పని మనిషి, లేనిపోనివి చెప్పే అలవాటు లేదు.

"మై బీ సునీ బేటా, నేను గూడ విన్న. జుహర్ అజాన్ అయిపోయింది, వజూ చేస్తున్న. సాఫ్‌గ నీ ఆవాజే. అమ్మీని నామ్ లేకే పిలుస్తరా ఎవలన్న? గింత సదివినవ్, తమీజ్ లేదా?"

మధ్యాహ్నపు అజాన్ అయ్యాక, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వేళ. ఆమెకు గడియారం అక్కర్లేదు. నా వాచీ చూసుకున్న వేళా అదే.

అప్పుడైనా చెప్పాల్సింది. బస్సులో మొక్కుకున్నాను కూడా. అమ్మ ఎదురుగా ఉంది, బతికి ఉంది, కాళ్లు పట్టుకుంటే అయిపోయేది. నేను పిలవలేదమ్మా, నీకేదో వినపడినట్టుంది అన్నాను. ఖాలా గోడ దిగి పోయింది. అమ్మ మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుంది. నాయిన పేరు మీద కొవ్వొత్తి ముట్టిచ్చినవా అని అడిగింది. ముట్టించానన్నాను.

రెండు వారాల తర్వాత నేనొక్కణ్నే మళ్లీ ఆ ఊరు పోయాను. భక్తితో కాదు, పరీక్ష చేద్దామని. ప్రతిధ్వని అయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. లోపల నిలబడి పది రకాలుగా అరిచాను. అన్న మాటే తిరిగొచ్చింది, అనని మాట ఒక్కటీ రాలేదు. ఇన్నయ్యను బతిమాలి బయట నిలబెట్టి అరవమన్నాను. వాకిట్లో అరిస్తే మాట వెనక నుంచి వినపడింది. ఎడమ గోడ అవతలికి పొమ్మన్నాను. అవతల నిలబడే చోటు లేదన్నాడు. పోయి చూశాను. నిజమే, గోడ కింద బండ నిలువుగా పాతిక ముప్ఫై అడుగులు దిగిపోతుంది. మేక కూడా ఎక్కలేదు.

ఇంటికి పోయి ఆమెకు చెప్పినావా అని ఇన్నయ్య అడిగాడు. చెప్పానన్నాను. ఆయన నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

ఇక నేను ఎవరికీ వివరించలేని రెండో సంగతి. నిజానికి మొదటిదాని కంటే ఇదే నన్ను ఎక్కువ పట్టుకుంది.

ఆ ఏడు క్రిస్మస్ రోజు. పొద్దున పూజ చూసి ఇంటికొచ్చాం. అమ్మ కొత్త చీర కట్టుకుని వాకిట్లో ముగ్గు దగ్గర ఉంది. నేను లోపల చొక్కా మార్చుకుంటున్నాను. గల్లీలో స్కూటరు ఆగింది. జోసెఫ్ వాళ్ల ఇల్లు ఇదేనా అని ఒక మగ గొంతు. మా సూపరింటెండెంటు గారు. వెనకే శారదమ్మ గారి గాజుల చప్పుడు. ఆఫీసు కాగితాల్లో అడ్రసు చూసుకుని, నాకు చెప్పకుండా, పండగ పూట ఒంటరిగా ఉంటానని వచ్చారు.

చొక్కా గుండీ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. మూడడుగులు వేస్తే వాకిలి. వేయలేదు. వాళ్లు ఇంకే మాటా అనలేదు, ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఒక్కో మాటా లోపలికి వినపడుతూనే ఉంది. ఇల్లు ఇదేనా అన్నారు, అంతే. అమ్మ వాళ్లను అంతకుముందు చూడలేదు. వాళ్ల పేర్లు కూడా ఎప్పుడూ నా నోట వినలేదు.

"గిదే అమ్మా, రండ్రి, కూసోండ్రి. నేను పిలగాని పెద్దమ్మను. వాడు చిన్నగున్నప్పుడే వాళ్లమ్మ పోయింది."

చాలా మామూలుగా అంది. రోజూ అనే మాటలాగా అంది.

నేను బయటికి వచ్చాను. అమ్మ నా వైపు చూసి, జోజీ, కుర్చీ ఎయ్యి బిడ్డా అంది. కుర్చీ వేశాను. కేకు ముక్కలు, అరిసెలు పళ్లెంలో పెట్టి తెచ్చింది. శారదమ్మ గారు అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. దవాఖాన ఫినాయిలుకు పగిలిన చెయ్యి అది. తల్లి లేని లోటు తెలియకుండా పెంచారమ్మా అన్నారు. కోటలో మేమిద్దరం కలిసి వాళ్లమ్మ పేరు మీద దీపం పెట్టామన్నారు. అమ్మ తల ఊపింది.

"అవునమ్మా. చెప్పిండు."

నేను చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. అక్కడ నిలబడి, ఈమె మా అమ్మ అని మూడు మాటలు అంటే చాలు. శారదమ్మ గారు కోప్పడేవారు, ఏడ్చేవారు, ఒక నెల మాట్లాడేవారు కాదేమో. అంతకు మించి ఏమీ అయ్యేది కాదు, ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం పళ్లెం పట్టుకుని, ఇంకో అరిసె తీసుకోండి మేడమ్ అన్నాను.

వాళ్లు వెళ్లాక గల్లీ మొదటి దాకా సాగనంపి వచ్చాను. అమ్మ కప్పులు కడుగుతోంది. నీకెవరు చెప్పారమ్మా అని అడిగాను. తల ఎత్తలేదు.

"ఎవ్వలు చెప్తరు బిడ్డా? ఊకెనే తల్లిని పేరు వెట్టి పిలుస్తరా."

అంతే. తిట్టలేదు, ఏడవలేదు. కప్పులు బోర్లించి, గొంతులో ఏదో పాట పాడుకుంటూ కూర తరగడానికి కూర్చుంది. ఆ పూట కూర ఎప్పటిలాగే బాగుంది. నాకు అదే భరించడం కష్టమైంది.

తర్వాత నేను చాలా రకాలుగా ఆలోచించాను. దవాఖానలో ఎవరైనా ఈ కబురు మోసి ఉంటారా? మా ఫ్యాక్టరీకీ అమ్మ వార్డుకూ సంబంధం లేదు. నిద్రలో పలవరించానా? కావచ్చు. కానీ పలవరింత ఖాలాకు మిట్టమధ్యాహ్నం గోడ అవతల వినపడదు. మూడు గంటల దూరం నుంచి ఒక పిలుపు ఎట్లా పోయిందో, జవాబు ఎట్లా వచ్చిందో, పేరుతో పాటు ఇంకా ఏమేం పోయాయో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్తే వినడానికి సిద్ధంగా ఉన్నాను.

అమ్మ ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. నా పెళ్లికి ఆఫీసువాళ్లు వస్తే చర్చిలో రెండో వరసలో కూర్చుంది, నేను చెప్పకుండానే. మొదటి వరసలో వరుడి తల్లి కూర్చునే చోట శారదమ్మ గారు కూర్చున్నారు. నా భార్య పెళ్లయిన నెలకు సంగతి తెలుసుకుని నాతో వారం రోజులు మాట్లాడలేదు. నువ్వు చెప్తావా నన్ను చెప్పమంటావా అంది. అమ్మే ఆపింది. పోనియ్యి బిడ్డా, పాతబడ్డ ముచ్చట అంది. మా ఇద్దరు పిల్లలను ఎత్తుకుని పెంచింది.

ఎనభైల నడుమ ఒక చలికాలం, రెండు రోజుల జ్వరంతో పోయింది. మట్టి చేసి వచ్చిన సాయంత్రం సెలవు చీటీ రాయడానికి కూర్చున్నాను. కారణం అన్నచోట పెన్ను ఆగింది. సూపరింటెండెంటు గారు అప్పటికింకా రిటైరు కాలేదు. చీటీ ఆయన టేబుల్ మీదికే పోతుంది. పెద్దమ్మ మరణం అని రాశాను.

మర్నాడు చీటీ ఇస్తే ఆయన లేచి వచ్చి నా భుజం తట్టి సంతకం పెట్టారు. పెద్దమ్మ కాబట్టి రెండు రోజులే ఇచ్చారు. మూడో రోజు పొద్దున డ్యూటీకి పోయాను.